పాముకి ఫ్రోజెన్ ఎలకలు: కొనేటప్పుడు ఏం చూడాలి, ఇంట్లో ఎలా దాచాలి

పాముని పెంచుకుంటున్నా అని చెప్తే జనం మొదట అడిగేది కరవదా అని, ఆ తర్వాత ఏం తింటుంది అని. రెండోదానికి నిజం చెప్పామంటే ఇక మనింట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. ఫ్రీజర్‌లో చచ్చిన ఎలకలున్నాయండీ అంటే ఎవరికైనా అలాగే ఉంటుంది లెండి, నాకే మొదట్లో పామంటే లేని భయం ఆ ప్యాకెట్ చూస్తే ఉండేది, చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకునేవాణ్ణి. నాది కార్న్ స్నేక్, ఇళ్ళలో పెంచుకునే విషం లేని పాము. దాన్ని తెచ్చిన మొదటి ఏడాదిలో నేను చేసిన తప్పులు లెక్కేస్తే పాము విషయంలో ఒకటో రెండో, మిగతావన్నీ ఫ్రీజర్ దగ్గర చేసినవే. ఎన్‌క్లోజర్ (పాము ఉండే డబ్బా) గురించి, హీటింగ్ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఎలకల సంచీ గురించి మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు, అందుకే ఇది రాస్తున్నా.

బతికున్న ఎలకని వేస్తే పోలా ఈ గొడవంతా ఎందుకు అనేవాళ్ళకి ఒకటే చెప్తా. పాముకి ఆకలి లేని రోజున ఆ డబ్బాలో వేటగాడు ఎలకే. పాము మూలకి ముడుచుకుని పడుకుంటే ఎలక దాని వీపు మీద, తోక మీద, కళ్ళ దగ్గర కొరికేస్తుంది, ఎముక కనపడేదాకా కొరికినవి కూడా ఉన్నాయి. చంపి ఫ్రీజ్ చేసినదాంతో ఆ బాధ లేదు, పైగా ఫ్రీజింగ్‌లో పేలు, చాలా రకాల పురుగులు చచ్చిపోతాయి. కానీ బ్యాక్టీరియా చావదు. ఈ ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి, కింద నేను చెప్పే జాగ్రత్తల్లో సగం దాని కోసమే. ఫ్రీజర్‌లో సాల్మొనెల్లా (మనిషికి విరేచనాలు, జ్వరం తెప్పించే బ్యాక్టీరియా) నిద్రపోతుంది అంతే, చలి వదలగానే మళ్ళీ లేచి పని మొదలుపెడుతుంది.

పేరు చూసి కొనకండి, గ్రాములు అడగండి

ఎలకల సైజులకి పేర్లున్నాయి. పింకీ అంటే పుట్టి నాలుగైదు రోజులు కూడా కానిది, ఒంటి మీద వెంట్రుక ఉండదు, 1 నుంచి 3 గ్రాములు. ఫజ్జీ అంటే అప్పుడే నూగు వస్తున్నది, సుమారు 3 నుంచి 6 గ్రాములు. హాపర్ అంటే కళ్ళు తెరిచి గెంతులేసే వయసు, 7 నుంచి 12 దాకా ఉంటుంది. ఆ తర్వాత తల్లి పాలు మానినవి, ఆ పైన 20, 30 గ్రాముల అడల్ట్, అదీ దాటితే జంబో. ఇవి మైస్, అంటే చిట్టెలకల లెక్క. రాట్స్ అంటే పెద్దెలకలు, వాటికీ ఇవే పేర్లు వాడతారు గానీ బరువులు వేరు, రాట్ పింకీ ఒక్కటే 5 గ్రాముల పైన తూగుతుంది. సో పింకీ కావాలి అని చెప్పి ఊరుకుంటే ఏ పింకీ వస్తుందో మీ అదృష్టం.

ఇంకో చిక్కేంటంటే ఈ పేర్లకి ఎక్కడా ముద్ర వేసిన కొలత లేదు. ఒకళ్ళ హాపర్ ఇంకొకళ్ళ దగ్గర స్మాల్ అడల్ట్ అయిపోతుంది. నేను ఒకసారి హాపర్స్ అని ఆర్డర్ పెడితే మీసాలు గడ్డాలు వచ్చినంత ఎలకలొచ్చాయి, నా పాము అప్పటికి బొటనవేలు లావు కూడా లేదు. అప్పట్నుంచీ ఎన్ని గ్రాముల నుంచి ఎన్ని గ్రాముల దాకా అని అడిగి, వచ్చాక నాలుగైదు తీసి తూచి చూసుకుంటున్నా. దీనికోసం చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోండి, వంటగదిలోది మాత్రం తెచ్చి వాడొద్దు దయచేసి.

మరి మీ పాముకి ఏ సైజు అంటే, పాము ఒంట్లో అన్నిటికంటే లావుగా ఉన్న చోటు చూడండి, ఎలక లావు దానికి సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి, ఒకటింపావు వంతు, మహా అయితే ఒకటిన్నర వంతు. పాము తల చూసి భయపడకండి, ఆ దవడలు మనం అనుకున్నదానికంటే చాలా సాగుతాయి. మింగాక కడుపు దగ్గర కొంచెం ఉబ్బు కనపడాలి, టెన్నిస్ బాల్ మింగినట్టు ఉండకూడదు. బరువు లెక్క కూడా ఒకటుంది, ఎదిగే పాముకి దాని బరువులో 10 నుంచి 15 శాతం, బాగా ఎదిగినదానికి అంతకంటే తక్కువ. కానీ అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కార్న్ స్నేక్ తూగేదే 5 నుంచి 8 గ్రాములు, దానికి శాతాలు వేస్తూ కూర్చుంటే సగం పింకీ పెట్టాల్సొస్తుంది, కాబట్టి మరీ పిల్లలకి ఈ శాతాలు పక్కన పెట్టి లావు చూసి ఉన్నవాటిలో చిన్న పింకీ పెట్టెయ్యండి. బాల్ పైథాన్ (ఇళ్ళలో పెంచే ఇంకో రకం పాము) పిల్లలు పుట్టుకతోనే పెద్దవి, 50 గ్రాముల పైనే ఉంటాయి, వాటికి పింకీ అసలు ఆనదు, హాపర్ నుంచే మొదలు. పెద్ద బాల్ పైథాన్‌కైతే మైస్ మీద మైస్ పెట్టే బదులు మొదట్నుంచే రాట్స్‌కి అలవాటు చెయ్యడం నయం, ఎందుకంటే అది ఒకసారి ఒక రుచికి అలవాటు పడిందంటే మార్చడానికి మన తాతలు దిగిరావాలి.

ఎన్ని కొనాలి

ఇక్కడే నేను బోర్లా పడ్డా. పిల్ల పాము వచ్చిన వారానికే, ఎక్కువ తీసుకుంటే చౌక అని 100 పింకీలు కొనేశా. వారానికొకటి తినే పాముకి 100 అంటే దగ్గర దగ్గర రెండేళ్ళ సరుకు. పామేమో రెండు మూడు నెలలకే ఫజ్జీలకి ఎదిగిపోయింది, మిగిలిన ఎనభై చిల్లర పింకీలు ఫ్రీజర్‌లో ఎండిపోతూ కూర్చున్నాయి. ఒకటి బదులు రెండేసి పెట్టొచ్చుగా అంటారేమో, కొన్నాళ్ళు పెట్టొచ్చు, నేనూ పెట్టా, కానీ పింకీ ఎముకలు ఇంకా లేతవి, పెద్దెలకలో ఉన్నంత కాల్షియం అందులో ఉండదు, ఎదిగే పాముకి అదే నెలల తరబడి పెట్టడం మంచిది కాదు.

ఇప్పుడు నా లెక్క ఇది. పిల్ల పాముకి 5 నుంచి 7 రోజులకి ఒకసారి తిండి, అంటే ఆరేడు వారాలకి 8 నుంచి 10 చాలు, వాటిలో కూడా చివరి రెండు మూడు తర్వాతి సైజువి తీసుకుంటా. ఎదిగిన కార్న్ స్నేక్‌కి 10 నుంచి 14 రోజులకి ఒక అడల్ట్ మౌస్, అంటే ఏడాది మొత్తానికి 26 నుంచి 37 అన్నమాట. అది ఒకేసారి కొనకుండా మూడు నాలుగు నెలలది కొంటా, ఓ పది పన్నెండు. సరుకు అయిపోయి కొత్తది రావడం నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు, ఒంట్లో సత్తువ ఉన్న పెద్ద పాము ఒకటి రెండు పూటలు తప్పినా నిక్షేపంగా ఉంటుంది. కంగారు పడేది మనమే.

కొనేటప్పుడు

దగ్గర్లో షాపులో కొంటే ఒక లాభం, కళ్ళతో చూసి కొనొచ్చు. ప్యాకెట్ చేతిలోకి తీసుకుని లైటు కింద పెట్టి చూడండి. లోపల ఎలకలు విడివిడిగా, పొడిగా, రాయిలా గట్టిగా ఉండాలి. సంచీ లోపల మంచు పొడి గుప్పెళ్ళకొద్దీ ఉందంటేనో, అన్నీ కలిసి ఒకే ముద్దగా అతుక్కుపోయి ఉంటేనో, అడుగున ఎర్రటి లేదా గోధుమ రంగు నీళ్ళు గడ్డ కట్టి ఉంటేనో అది మధ్యలో ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డ కట్టిందని అర్థం. పొట్ట దగ్గర ఆకుపచ్చ రంగు తిరిగితే కుళ్ళు ఫ్రీజ్ అవ్వకముందే మొదలైందన్నమాట, అలాంటివి ఉచితంగా ఇచ్చినా వద్దు. చర్మం మీద తెల్లగా పసుపుగా ఎండిన మచ్చలుంటే ఫ్రీజర్ బర్న్, అంటే ఒంట్లో తేమ మంచులా ఉండగానే ఆవిరైపోయి మాంసం ఎండిపోవడం. అదొక్కటే ఉంటే విషమేమీ కాదు గానీ పాతబడిన సరుకు, పాములు కూడా వాసన చూసి మొహం తిప్పేస్తాయి.

అమ్మేవాళ్ళని మూడు విషయాలు అడగండి: ఎలా చంపుతారు, వాటికి ఏం పెట్టి పెంచుతారు, ఎప్పుడు ఫ్రీజ్ చేశారు. ఎలకలకి ఎక్కువ బాధ లేకుండా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో చంపి వెంటనే ఫ్రీజ్ చెయ్యడం పద్ధతి. మందు పెట్టి చంపినవి పాముకి పనికిరావు, బతికుండగానే ఫ్రీజర్‌లో పడేసేవాళ్ళ దగ్గర కొనడం నాకైతే మనసొప్పదు. ఈ మూడిటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర సరుకు సాధారణంగా బాగుంటుంది, ఏంటండీ ఎలకే కదా అని నవ్వేసేవాళ్ళ దగ్గర్నుంచి నేను అయితే వచ్చేస్తా.

ఇంట్లో బోనులో పడిన ఎలక ఉందిగా, దాన్నే ఫ్రీజ్ చేసి పెట్టేద్దాం అనే ఐడియా చాలామందికి వస్తుంది. వద్దు. అది ఎక్కడ ఏ ఎలకల మందు తిని వచ్చిందో మీకు తెలీదు, ఆ మందుల్లో చాలావరకు తినగానే చంపవు, రక్తం గడ్డ కట్టకుండా చేసి కొన్ని రోజులకి చంపుతాయి, ఈలోపు ఎలక మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. ఆ మందు ఎలక ఒంట్లోంచి పాము ఒంట్లోకి వెళ్తుంది. నాలుగు ఎలకలు మిగుల్చుకోబోయి పాముని పోగొట్టుకోవడం, ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పంటించుకున్నట్టే.

ఇక ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, ఆర్డర్ పెట్టే రోజు చూసి పెట్టండి. వారాంతం ముందో సెలవు ముందో బయల్దేరితే పార్సిల్ ఏ గోడౌన్‌లోనో రెండు రోజులు కూర్చుంటుంది. డెలివరీ రోజు ఇంట్లో ఎవరో ఒకళ్ళు ఉండాలి, ఆ ఎవరో ఒకళ్ళకి డబ్బాలో ఏముందో ముందే చెప్పి ఉంచాలి (నేను చెప్పలేదు, మా అమ్మ విప్పింది, ఆ కథ ఇక్కడ వద్దు). మంచి ప్యాకింగ్ అంటే మందపాటి థర్మోకోల్ డబ్బా, లోపల ఐస్ ప్యాకులు లేదా డ్రై ఐస్, అంటే గడ్డ కట్టించిన కార్బన్ డయాక్సైడ్. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల్లో ఉంటుంది, ఉత్త చేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టే పోతుంది, కాబట్టి మందపాటి గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తెరిచి డబ్బా విప్పండి. మిగిలిన డ్రై ఐస్‌ని సీసాలోనో బిగుతు డబ్బాలోనో వేసి మూత పెట్టొద్దు, గ్యాస్ నిండి పేలుతుంది, సింకులో కూడా వెయ్యొద్దు, పిల్లలు రాని చోట గాలి ఆడేలా వదిలేస్తే అదే ఆవిరైపోతుంది.

డబ్బా విప్పగానే ఒక్కో సంచీ నొక్కి చూడండి. రాయిలా ఉంటే నేరుగా ఫ్రీజర్‌లోకి. పింకీలు చిన్నవి కాబట్టి ముందు కరిగేవి అవే, అందుకని ముందు వాటినే చూడండి. పైపైన కాస్త మెత్తబడి లోపల ఇంకా గడ్డగా, ముట్టుకుంటే చల్లగా ఉంటే వెంటనే ఫ్రీజర్‌లో వేసి మిగతావాటికంటే ముందు వాడేస్తా. మెత్తగా, వెచ్చగా, వాసనతో వస్తే ఫొటోలు తీసి అమ్మినవాళ్ళకి పంపి మొత్తం పారెయ్యడమే, డబ్బులు పోయాయే అని వాటిని మళ్ళీ ఫ్రీజ్ చెయ్యొద్దు.

ఫ్రీజర్‌లో

మైనస్ 18 డిగ్రీల సెల్సియస్, అంతకంటే చల్లగా ఉంటే ఇంకా మంచిది. ఫ్రీజర్ డోర్ మీద చూపించే అంకెని పూర్తిగా నమ్మకుండా లోపల ఒక చిన్న థర్మామీటర్ పడేసి ఉంచండి. ఎలకలకి విడిగా చిన్న ఫ్రీజర్ ఉంటే అంతకంటే హాయి లేదు, ఇంట్లో సగం గొడవలు అక్కడితో తీరిపోతాయి. లేదు, ఉన్నది ఒక్కటే అంటే, సంచీలో ఎలకలు, ఆ సంచీ ఇంకో సంచీలో, ఆ రెండూ కలిపి మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో. డబ్బా లోపలిది కనపడనిదైతే నయం. దాన్ని అన్నిటికంటే కింది అరలో పెట్టండి, పైన పెడితే ఎప్పుడైనా కరెంటు పోయి కరిగితే ఆ నీళ్ళు కింద ఉన్న మన తిండి మీద పడతాయి. డబ్బా మీద పాము తిండి అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, అర్ధరాత్రి నిద్రకళ్ళతో ఐస్‌క్రీమ్ కోసం వెతికేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ డబ్బా జీవితాంతం ఎలకలదే, కడిగి వేరే దానికి వాడేది లేదు.

ఫ్రీజర్ బర్న్‌కి శత్రువు గాలి. జిప్ సంచీలో వేసి చేత్తో మెల్లగా నొక్కుతూ గాలంతా బయటికి పంపి అప్పుడు బిగించండి. వాక్యూమ్ సీలర్ (సంచీలో గాలి లాగేసి మూసే యంత్రం) వాడేవాళ్ళున్నారు, పెద్దెలకలకి బానే ఉంటుంది గానీ పింకీలని అది అప్పడంలా అణిచేస్తుంది. తానంతట తానే మంచు కరిగించుకునే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్లలో ఉష్ణోగ్రత కాసేపు పెరిగి మళ్ళీ తగ్గుతూ ఉంటుంది, వాటిలో ఎలకలు తొందరగా ఎండిపోతాయి, కాబట్టి అలాంటిదైతే సంచీలు ఇంకా గట్టిగా కట్టాలి, డోర్ దగ్గర కాకుండా లోపలికి తోసి పెట్టాలి.

నేను చేసే ఇంకో పని, వచ్చిన రోజే అన్నిటినీ ఒక్కో పూటకి ఒక్కో చిన్న సంచీగా విడదీసేస్తా. పది నిమిషాల పని. సంచీ మీద మార్కర్‌తో గ్రాములు, నెల రాస్తా, కొత్తవి అడుగున, పాతవి పైన. ఇలా చేస్తే ప్రతిసారీ పెద్ద సంచీ విప్పి అన్నిటినీ గాలికి పెట్టే పని ఉండదు, సంచీ విప్పిన ప్రతిసారీ లోపలికి తేమ వెళ్ళి మంచు పొడి అవుతుంది మరి. పింకీలు అతుక్కుని వస్తే కత్తితో పొడవకండి, సంచీలోనే ఉంచి గట్టి చోట రెండు దెబ్బలు కొడితే చాలావరకు విడిపోతాయి, విడిపోని జంటని అలాగే ఒకే పూటకి వాడెయ్యడమే.

ఎన్నాళ్ళుంటాయి అంటే, చలి తగ్గకుండా ఉంటే ఏడాదైనా చెడిపోవు, కానీ చెడిపోకపోవడం వేరు, సత్తువ ఉండటం వేరు. నెలలు గడిచేకొద్దీ కొన్ని విటమిన్లు తగ్గుతాయి, విటమిన్ ఈ లాంటివి, కొవ్వు కూడా మెల్లగా కంపు పట్టడం మొదలవుతుంది. నేను ఆరు నెలలకి గీత గీసుకున్నా. ఆ 100 పింకీల్లో చివర మిగిలినవి ఏడాది దాటాక తీసి చూస్తే ఎండు కొమ్మల్లా ఉన్నాయి, నా పాము నాలుక ఆడించి పక్కకి వెళ్ళిపోయింది, దానికున్న తెలివి కొన్నప్పుడు నాకు లేదు.

కరెంటు పోతే ముందు చెయ్యాల్సింది ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉండటం. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంచితే దాదాపు 48 గంటలు చలి నిలబెట్టుకుంటుంది, సగం ఖాళీగా ఉంటే 24 గంటలు. అందుకే ఖాళీ ఉంటే నీళ్ళ సీసాలు నింపి పెట్టేస్తా. నేను ఒకసారి కరెంటు పోయినప్పుడు కరిగిపోయాయేమో అని గంటకోసారి తీసి చూశా, అలా చూసి చూసి నేనే కరిగించా. మీరు ఊళ్ళో లేనప్పుడు ఏం జరిగిందో తెలియాలంటే ఒక చిన్న చిట్కా ఉంది. గిన్నెలో నీళ్ళు గడ్డ కట్టించి దాని మీద ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే సరే, గడ్డ మధ్యలోకో అడుక్కో దిగిపోయి ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గట్టిపడిందన్నమాట, చూడ్డానికి ఎలకలు ఎంత బాగున్నా సరే పారెయ్యండి.

తీసి పెట్టడం

ముందు రోజు రాత్రి ఒక సంచీ తీసి, మూతున్న చిన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టేస్తే పొద్దుటికి మెత్తబడుతుంది. ఇదే అన్నిటికంటే మంచి పద్ధతి. మర్చిపోయారా, అయితే సంచీతో సహా చన్నీళ్ళలో వెయ్యండి, పింకీ అరగంటలోపే, పెద్ద చిట్టెలకకి గంటా రెండు గంటలు పడుతుంది, పెద్ద రాట్ అయితే ఇంకా ఎక్కువే, మధ్యలో నీళ్ళు మార్చాలి. బయట గట్టు మీద పొద్దున పెట్టి సాయంత్రం వచ్చి చూడటం, ఎండలో పెట్టడం, ఇవి వద్దు, పైన కుళ్ళు మొదలైనా లోపల ఇంకా గడ్డే ఉంటుంది. మైక్రోవేవ్ అయితే కలలో కూడా వద్దు, ఒకచోట ఉడికిపోతుంది ఒకచోట మంచు అలాగే ఉంటుంది, పొట్ట పగిలితే ఆ తర్వాత ఆ మైక్రోవేవ్‌ని మీరూ వాడలేరు.

మెత్తబడ్డాక వేడి చెయ్యాలి. బాల్ పైథాన్ లాంటివి పెదవుల దగ్గరున్న చిన్న గుంటలతో ఎలక ఒంటి వేడిని పసిగడతాయి, చల్లటి ఎలక వాటి దృష్టిలో ఎలకే కాదు. సంచీలోనే ఉంచి వేడినీళ్ళలో 10, 15 నిమిషాలు పెట్టండి, చెయ్యి పెడితే వేడిగా ఉండాలి గానీ వెంటనే తీసేసేంత కాదు. మరిగే నీళ్ళు పోస్తే చర్మం ఉడికి పొట్ట చిట్లిపోతుంది. ఎలక ఒళ్ళు 38 నుంచి 40 డిగ్రీల దాకా వస్తే చాలు. ఆ తర్వాత సంచీ మీద నుంచే పొట్ట మధ్యలో, తల వెనకాల నొక్కి చూడండి, ఎక్కడైనా గట్టిగా తగిలితే ఇంకా లోపల మంచుంది, మళ్ళీ నీళ్ళలోకే. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, లోపల గడ్డగా ఉన్నది మింగితే పాము సగం అరిగిందాన్ని కక్కేసే ప్రమాదముంది, ఆ వాసన ఒకసారి చూస్తే మళ్ళీ జన్మలో ఈ స్టెప్ మర్చిపోరు.

తడిగా ఉంటే పేపర్ టవల్‌తో ఒత్తి, అడుగు పైన పొడవున్న పట్టకారుతో ఎలక నడుము దగ్గర పట్టుకుని తల పాము వైపు ఉండేలా మెల్లగా కదిలించండి. చేత్తో పట్టుకుని పెట్టొద్దు, వెచ్చటి ఎలకకీ వెచ్చటి వేలికీ పాము తేడా చూడదు. తీసుకోకపోతే లోపల వదిలేసి లైటు తీసేసి వెళ్ళిపోండి. కొన్ని గంటలు, మరీ సిగ్గుపడే పామైతే ఆ రాత్రికి. పొద్దున్నే అలాగే ఉంటే అది చెత్తబుట్టకే. కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మసకబారినప్పుడు చాలా పాములు తినవు, ఆ వారం అసలు ఎలక తియ్యకపోతే ఒకటి మిగులుతుంది.

తినకపోతే మళ్ళీ ఫ్రీజ్ చెయ్యొచ్చా అని అందరూ అడుగుతారు. చెయ్యొద్దు. వెచ్చగా ఉన్న ఆ కొన్ని గంటల్లో బ్యాక్టీరియా ఎన్నో రెట్లు పెరిగింది, మీరు ఫ్రీజ్ చేసేది ఆ పెరిగినదాన్ని కూడా కలిపి.

మన జాగ్రత్త

పాము కడుపులో ఆమ్లం చాలా గట్టిది, ఎలకలో ఉన్న సాల్మొనెల్లాతో దానికి సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. ఇబ్బంది మనకి. ఇదేదో ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు, 2010లోనూ 2014లోనూ అమెరికాలో ఫ్రోజెన్ ఫీడర్ ఎలకల (పాముల్లాంటివాటికి తిండిగా అమ్మేవాటి) వల్ల సాల్మొనెల్లా పలు రాష్ట్రాల్లో జనానికి సోకింది, బ్రిటన్‌లో కూడా ఇలాగే జరిగింది. జబ్బు పడినవాళ్ళలో చిన్నపిల్లలు చాలామంది. ఐదేళ్ళలోపు పిల్లలు, వయసు మీదపడినవాళ్ళు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్ళు అయితే అసలు ముట్టుకోకూడదు, ఎలకల్లో లింఫోసైటిక్ కోరియోమెనింజైటిస్ అని ఇంకో వైరస్ ఉండొచ్చు, పేరు పలకడానికే నోరు తిరగదు, అది లోపలున్న బిడ్డకి ప్రమాదం.

కాబట్టి ఎలకల గిన్నె వేరు, పట్టకారు వేరు, త్రాసు వేరు. వంటింటి సింకులో, గట్టు మీద ఈ పని పెట్టుకోవద్దు, బాత్రూమ్‌లో ఒక బకెట్ దగ్గర పెట్టుకోండి. గ్లవ్స్ వేసుకున్నా పని అయ్యాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి, హ్యాండ్ శానిటైజర్ సబ్బుకి బదులు కాదు. గిన్నె, పట్టకారు ముందు సబ్బు నీళ్ళతో మురికి పోయేలా కడిగి, తర్వాత ఒక పాలు బ్లీచ్‌కి పది పాళ్ళ నీళ్ళు కలిపి అందులో పది నిమిషాలు ఉంచి, బాగా జాడించి ఆరబెట్టండి. మురికి ఉండగా బ్లీచ్ పోస్తే పెద్దగా పనిచెయ్యదు. ఆ బ్లీచ్‌లో ఇంకే క్లీనరూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. పారేసే ఎలకని రెండు సంచీల్లో చుట్టి, చెత్త తీసుకెళ్ళే రోజు దాకా మళ్ళీ ఫ్రీజర్‌లోని ఆ ఎలకల డబ్బాలోనే విడిగా, 'పారెయ్యాలి' అని రాసి పెట్టండి, లేకపోతే ఒక్క రోజులో వాసనకి ఇల్లంతా తెలిసిపోతుంది. రాయడం మాత్రం మర్చిపోవద్దు, నేను ఒకసారి మర్చిపోయి దాన్నే మళ్ళీ డీఫ్రాస్ట్ చేయబోయా.

తిన్నాక 48 గంటలు పాముని చేతిలోకి తీసుకోకండి. ఒకవేళ కక్కేస్తే వెంటనే ఇంకోటి పెట్టకుండా 10 నుంచి 14 రోజులు ఆగి, తర్వాత మామూలుకంటే చిన్న ఎలకతో మొదలుపెట్టండి, ఈలోపు ఎన్‌క్లోజర్‌లో వేడి సరిపోతుందో లేదో చూసుకోండి. రెండోసారి కూడా కక్కితే పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికే.

ఇక మీరు ఊరెళ్ళాల్సొస్తే. ఎదిగిన పాముకి రెండు వారాలు తిండి లేకపోయినా ఫర్వాలేదు, నీళ్ళు మార్చేవాళ్ళుంటే చాలు, కాబట్టి ఫ్రెండ్‌కి ఎలకల పని అంటగట్టకండి. పిల్ల పామై తప్పదు అనుకుంటే, గ్రాములు రాసిన ఒక్క పూట సంచీలు ఉంటాయి కదా, ఏ రోజు ఏ సంచీ తియ్యాలో దాని మీదే తారీఖు రాసి పెట్టండి, వెళ్ళే ముందు మీ ఎదురుగా ఒకసారి చేయించండి. నా ఫ్రెండ్ ఒకడు ఇలా ఎదురుగా చేసి చూపించి, అంతా బానే ఉందిరా అని, వెళ్తూ వెళ్తూ నీళ్ళు మాత్రం మారుస్తా, అది మాత్రం నువ్వొచ్చాకే అన్నాడు.